18 సరిపోతుందా, 22.5 కావాలా? స్విచ్ బాక్సుల రివ్యూ

అమెరికాలో ఇళ్ళకి వాడే సింగిల్ గ్యాంగ్ (ఒక్క స్విచ్చు పట్టే) ప్లాస్టిక్ బాక్సులు నాలుగైదు రకాలు ఒకే అరలో పక్కపక్కన పెట్టి ఉంటాయి. ముందు నుంచి చూస్తే అన్నీ కవల పిల్లలే. ఒకే స్విచ్చు, ఒకే ప్లేటు అన్నింటికీ పడుతుంది. తేడా అంతా వెనక, లోతులో ఉంటుంది. బాక్సు లోపల చిన్న అచ్చులో ఒక అంకె కనిపిస్తుంది: 14, 18, 20.3, 22.5. అవి క్యూబిక్ అంగుళాలు. ప్లాస్టిక్ బాక్సు మీద ఈ అంకె ఉండి తీరాలి. కొత్తగా వైరింగ్ మొదలుపెట్టినవాళ్ళు దాన్ని చదవకుండా, ప్లేటు పడుతుందో లేదో చూసుకుని బుట్టలో వేసుకుంటారు. తీర్పు ముందే చెప్పేస్తాం: గోడ ఇంకా మూయకుండా ఉంటే 22.5 తప్ప వేరేది కొనడానికి పెద్దగా కారణం లేదు. ఎందుకో చూడాలంటే కాస్త లెక్క వేయాలి.

అమెరికా వైరింగ్ నిబంధనల పుస్తకమైన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 314.16 సెక్షన్ ఒక్కో తీగకి ఇంత చోటు అని కేటాయిస్తుంది. 14 గేజి తీగకి 2, 12 గేజికి 2.25, 10 గేజికి 2.5 క్యూబిక్ అంగుళాలు (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు). బయటి నుంచి బాక్సులోకి వచ్చే ప్రతి హాట్ (కరెంటు తెచ్చే తీగ), ప్రతి న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) విడివిడిగా ఒక్కో లెక్క. స్విచ్చు గానీ అవుట్‌లెట్ గానీ రెండు తీగలతో సమానం, దానికి బిగించిన వాటిలో లావు తీగ ఏ గేజో ఆ గేజి ప్రకారం. గ్రౌండ్ (ఎర్త్) తీగలు నాలుగు వరకూ అన్నీ కలిపి ఒకటి. కేబుల్‌ని పట్టే క్లాంపులు బాక్సు లోపల ఉంటే, ఎన్ని ఉన్నా వాటన్నిటికీ కలిపి ఇంకొకటి. తీగల కొసలు కలిపి బిగించే టోపీలు, అంటే వైర్ నట్లకి సున్నా. లోపలే మొదలై లోపలే ముగిసే పిగ్‌టెయిల్ ముక్కలకీ సున్నా.

ఎక్కువమంది తప్పేది స్విచ్చు దగ్గర. తీగలు లెక్కపెట్టి, గ్రౌండ్ కలిపి, సరిపోయిందనుకుంటారు. స్విచ్చు వాటా రెండు తీగలని గుర్తుండదు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: పిగ్‌టెయిళ్ళని, వైర్ నట్లని కూడా కలుపుకుంటూ పోయి, అవసరం లేని చోట టూ గ్యాంగ్ బాక్సు పెట్టేవాళ్ళు. ఈ రెండో తప్పు వల్ల ఎవరికీ నష్టం లేదు, వదిలేయొచ్చు.

ఇప్పుడు 14 బాక్సు. 14/2 కేబుల్ (14 గేజి తీగలు రెండు, వాటితో ఒక గ్రౌండ్) ఒకటి వచ్చి ఒకటి పోయే మామూలు అవుట్‌లెట్‌కి నాలుగు తీగలు, గ్రౌండ్ ఒకటి, అవుట్‌లెట్ రెండు, మొత్తం ఏడు. ఏడు రెళ్ళు 14. కాగితం మీద సరిగ్గా అంచుదాకా నిండింది. అదే చోట 12/2 వేస్తే ఏడింటికీ 15.75, నిబంధన దాటిపోయింది. అంటే 14 గేజి వేసిన 15 ఆంప్స్ సర్క్యూట్‌లో నప్పిన బాక్సు 12 గేజి వేసిన 20 ఆంప్స్ సర్క్యూట్‌లో నప్పదు. వంటగదికి 12 గేజి లాగినవాళ్ళు పడకగదిలో మిగిలిన, 14 అచ్చు ఉన్న బాక్సుల్నే అక్కడా కొట్టేయడం బాగా తరచుగా జరిగే పొరపాటు. ఈ బాక్సు లైను చివర, ఒకే కేబుల్ వచ్చి ఆగే చోట మాత్రమే పనికొస్తుంది. మార్కులు 5కి 2.

18 బాక్సు గురించి అభిప్రాయాలు రకరకాలుగా ఉన్నాయి. కొత్త ఇళ్ళలో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది కాబట్టి ఇదే ప్రమాణమనుకుంటారు. 12/2 వచ్చి పోయే అవుట్‌లెట్‌కి 15.75 చాలు, కాబట్టి హాయిగా పడుతుంది. చిక్కంతా మూడో కేబుల్‌తో. అవుట్‌లెట్ నుంచి ఇంకో వైపుకి ఒక పాయ తీయాలనిపిస్తుంది, తీస్తారు. అప్పుడు తీగలు ఆరు, గ్రౌండ్ ఒకటి, అవుట్‌లెట్ రెండు, మొత్తం తొమ్మిది. 14 గేజి అయితే 18, నువ్వు గింజంత ఖాళీ కూడా మిగలదు. 12 గేజి అయితే 20.25, బాక్సు దాటింది. 20.3 బాక్సు కొంటే 0.05 తేడాతో గట్టెక్కుతుంది, అదొక తమాషా. 22.5లో మూడు కేబుళ్ళు పెట్టినా ఇంకా ఒక తీగకి కేటాయించే చోటు మిగిలి ఉంటుంది. బయటి కొలతల్లో 18కీ 22.5కీ తేడా కొద్దిపాటి లోతే. గోడ లోపలి నిలువు చెక్క, అంటే 2x4 స్టడ్డు, మూడున్నర అంగుళాల లోతు కాబట్టి మామూలు గోడలో ఆ తేడా ఇట్టే ఇమిడిపోతుంది. 18కి 5కి 3, 22.5కి 5కి 5.

లెక్క కుదిరినా చేతికి కుదరని సందర్భాలు ఉన్నాయి. కోడ్ దృష్టిలో మామూలు టాగిల్ స్విచ్చూ, జి.ఎఫ్.సి.ఐ. అవుట్‌లెట్టూ (కరెంటు లీకైతే తనంతట ఆగిపోయే రకం), స్మార్ట్ స్విచ్చూ ఒకటే, రెండు తీగలు. నిజానికి జి.ఎఫ్.సి.ఐ. వీపు మందం మామూలు అవుట్‌లెట్‌కి దాదాపు రెండింతలు. స్మార్ట్ స్విచ్చుకి దానికి తోడు న్యూట్రల్ కావాలి, ఆ పిగ్‌టెయిల్ లెక్కలోకి రాకపోయినా వైర్ నట్‌తో సహా మూలన కూర్చుంటుంది. 14 బాక్సులో 14/2 రెండు పెట్టి జి.ఎఫ్.సి.ఐ. తోస్తే నిబంధన ప్రకారం తప్పు లేదు, కానీ స్క్రూలు బిగిస్తుంటే లోపల తీగలు మూలుగుతాయి. తీసి చూస్తే ఇన్సులేషన్ నలిగి ఉండొచ్చు, స్క్రూ కింద తీగ పక్కకి తిరిగి వదులై ఉండొచ్చు, బోడి గ్రౌండ్ తీగ వెళ్ళి హాట్ స్క్రూకి ఆనుకుని ఉండొచ్చు. మొదటి రెండూ వెంటనే బయటపడవు, వేడెక్కుతూ ఏళ్ళ తరబడి పొంచి ఉంటాయి. మూడోది బ్రేకర్ వేయగానే తెలుస్తుంది.

తోసే పద్ధతిలో కూడా కొంత ఉంది. ముందు గ్రౌండ్‌లు కలిపి అడుగుకి మడవాలి, తర్వాత న్యూట్రల్‌లు, ఆఖరికి హాట్. తీగని ముద్దలా నొక్కకుండా విసనకర్రలా మడతలు వేయాలి. నిండిన బాక్సులో చోటు కోసం తీగల్ని పొట్టిగా కత్తిరించడం మాత్రం వద్దు. కేబుల్ తొడుగు దాటాక కనీసం 6 అంగుళాలు ఉండాలి, బాక్సు అంచు బయటికి కనీసం 3 అంగుళాలు రావాలి. పైగా కత్తిరించినా లెక్క తగ్గదు. తీగ పొడుగు ఎంతైనా అది ఒక్క తీగే. తెగకుండా చుట్టగా లోపల వదిలిన తీగ 12 అంగుళాలు, అంతకు మించి ఉంటే మాత్రం రెండుగా లెక్కపెట్టాలి.

టూ గ్యాంగ్ బాక్సుల్లో పాత లెక్క, కొత్త లెక్క అని ఒక మెలిక ఉంది. 2020 కోడ్‌కి ముందు గ్రౌండ్ తీగలు ఎన్ని ఉన్నా ఒకటే. 2020 నుంచి నాలుగు దాటాక ఒక్కోదానికి పావు తీగ కలపాలి. రెండు స్విచ్చులున్న బాక్సులోకి 14/2 నాలుగు, 14/3 (గ్రౌండ్ కాక మూడు తీగలది) ఒకటి వస్తున్నాయనుకోండి. తీగలు 11, స్విచ్చులకి 4. పాత లెక్కలో గ్రౌండ్ 1 కలిపితే 16, అంటే 32 క్యూబిక్ అంగుళాలు. కొత్త లెక్కలో గ్రౌండ్ 1.25, అంటే 32.5. 32 అచ్చు ఉన్న బాక్సు పాత పద్ధతిలో పాసు, కొత్త పద్ధతిలో ఫెయిలు. ఏ సంవత్సరం కోడ్ అమల్లో ఉందన్నది రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. అయిదో కేబుల్ వచ్చిందంటే త్రీ గ్యాంగ్ పెట్టి, వాడని వైపు మూత వేసేయడం నయం.

లోహపు బాక్సులకి వస్తే, ప్రామాణిక సైజుల మీద అంకె ఉండకపోవచ్చు, కోడ్ పట్టికలో వెతుక్కోవాలి. 3x2 ముఖంతో రెండున్నర అంగుళాల లోతున్న స్విచ్ బాక్సుకి 12.5. చివరి అవుట్‌లెట్‌కి 14/2 ఒకటే వస్తే తీగలు రెండు, గ్రౌండ్ ఒకటి, అవుట్‌లెట్ రెండు, లోపలి క్లాంపులకి ఒకటి. ఆరు రెళ్ళు 12, పడింది. 12/2 అయితే 13.5, పడలేదు. ఒక్క కేబుల్‌కే ఇలా అయితే ఇక మధ్యలో వాడే ప్రశ్నే లేదు. పాత ఇళ్ళలో ఇవే దొరుకుతాయి. అక్కడ కేబుల్ తొడుగు రంగుని నమ్మకండి. తెలుపు 14, పసుపు 12, నారింజ 10 అన్నది ఇటీవలి అలవాటు, పాత కేబుల్ ఏ గేజైనా తెల్లగానే ఉండొచ్చు. తొడుగు మీద అచ్చు చదవాలి.

నాలుగు అంగుళాల చదరపు బాక్సు మాత్రం నిజంగా మెచ్చుకోదగ్గది. అంగుళంన్నర లోతుకి 21, రెండూ ఒకటి బై ఎనిమిది అంగుళాల లోతుకి 30.3. ముందు సింగిల్ గ్యాంగ్ మడ్ రింగ్ (బాక్సు ముఖాన్ని ఒక్క స్విచ్చు సైజుకి తగ్గించే మూత) బిగిస్తే, రింగ్ మీద వేసిన అంకె కూడా ఈ మొత్తానికి కలుస్తుంది. పైకి ఒక్క అవుట్‌లెట్ కనిపిస్తుంది, వెనక రెండింతల చోటు. కేబుల్ కనెక్టర్లని బయటి నుంచి బిగించే రకం వాడితే క్లాంపు వాటా కూడా తప్పుతుంది. నాలుగు కేబుళ్ళు కలిసే చోట దీన్ని మించింది లేదు. మైనస్ ఒక్కటే, డ్రైవాల్ (గోడకి కొట్టే జిప్సం పలక) మందానికి సరిపోయే రింగే ఎంచుకోవాలి. అర అంగుళం డ్రైవాల్‌కి అర అంగుళం ఎత్తు రింగ్.

పాన్‌కేక్ బాక్సు అనేది లైట్ల కోసం అమ్మే అర అంగుళం లోతు బిళ్ళ. నాలుగు అంగుళాల వ్యాసం ఉన్నదానికి సాధారణంగా 6 క్యూబిక్ అంగుళాలు. 14/2 కేబుల్ ఒకటి, దాని గ్రౌండ్, అంతే. మూడు రెళ్ళు ఆరు, నిండిపోయింది. 12/2 వేస్తే 6.75, చెల్లదు. లోపలి క్లాంపు ఉన్నా చెల్లదు. ఒక లైటు నుంచి ఇంకో లైటుకి కేబుల్ తీసుకెళ్ళడానికి దీన్ని వాడినవాళ్ళు ఎంతమందో. స్టడ్డు మీద బాక్సు పెట్టక తప్పని చోట, లైను చివర, 14 గేజికి మాత్రమే. మిగతా చోట్ల రెండూ ఒకటి బై ఎనిమిది అంగుళాల లోతున్న అష్టకోణపు బాక్సు కొనండి, దానికి 21.5 ఉంటుంది.

బిగించేటప్పుడు చేసే తప్పులు కొన్ని క్లుప్తంగా. బాక్సు అంచు డ్రైవాల్ ముఖం కన్నా పావు అంగుళం కంటే లోపలికి ఉండకూడదు, చెక్క పలక గోడ అయితే సమానంగానే ఉండాలి. కేబుల్ తొడుగు బాక్సులోకి కనీసం పావు అంగుళం రావాలి, తొడుగు బయటే వదిలేసి తీగలు మాత్రం లోపలికి లాగితే అంచు వాటిని కోస్తుంది. క్లాంపు లేని సింగిల్ గ్యాంగ్ ప్లాస్టిక్ బాక్సుకి 8 అంగుళాల లోపు స్టేపుల్ కొట్టాలి. టూ గ్యాంగ్‌కి ఈ సడలింపు లేదు, క్లాంపు ఉండాలి, స్టేపుల్ 12 అంగుళాల లోపు.

ఇప్పటికే కిక్కిరిసిన బాక్సు గోడలో ఉంటే తీసి మార్చడం అనుకున్నంత కష్టం కాదు. బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో అన్ని తీగలూ చూసి, అవుట్‌లెట్ విప్పండి. తీగలకి టేపు చుట్టి గుర్తులు పెట్టుకోండి. బాక్సుకీ స్టడ్డుకీ మధ్య హాక్సా బ్లేడు దూర్చి రెండు మేకులూ కోసేస్తే పాతది చేతికి వచ్చేస్తుంది. దాని స్థానంలో రెక్కలు తిప్పితే డ్రైవాల్‌ని పట్టుకునే ఓల్డ్ వర్క్ బాక్సు పెట్టాలి. ఇక్కడ మళ్ళీ అదే ఉచ్చు: ఈ రకంలో చేతికి ముందు తగిలేది 14 అచ్చు ఉన్నదే. దాన్ని పెడితే 18 తీసి 14 పెట్టినట్టవుతుంది. లోతైనది వెతకండి, లేదా టూ గ్యాంగ్ పెట్టి పక్కనే ఇంకో అవుట్‌లెట్ చేర్చుకోండి. అలా చేర్చితే దాని వాటా మరో రెండు తీగలు. రంధ్రం పెద్దదైతే రెక్కలకి పట్టు దొరకదు, అందుకని బాక్సుని గోడకి ఆనించి చుట్టూ గీసుకుని, గీత లోపలి వైపు కోయాలి. గోడ కోయడం ఇష్టం లేకపోతే పాత బాక్సు మీద ఎక్స్‌టెన్షన్ రింగ్ బిగించవచ్చు. దాని మీద క్యూబిక్ అంగుళాలు ముద్రించి ఉంటే అంత చోటు కలిసినట్టు, లేకపోతే అది గోడ మీద గూడు కట్టినట్టు కనిపించడం తప్ప లెక్కకి పనికిరాదు.

సీలింగ్ ఫ్యాన్ బాక్సు వేరే కథ, అక్కడ బరువే మొదటి ప్రశ్న. ఫ్యాన్‌కి అనుమతి ఉందని రాసి ఉన్న బాక్సే వాడాలి, ఫ్యాన్ 35 పౌండ్లు దాటితే ఎంత బరువు మోస్తుందో కూడా దాని మీద రాసి ఉండాలి. 50 పౌండ్ల లైటు మోసే బాక్సు కదా అని ఫ్యాన్ తగిలిస్తే, తిరిగేటప్పటి ఊపు ఆ అంకెలో లేదు.