‘ఇంటచబుల్స్’: నవ్వు ఇద్దరిదీ, కథ మాత్రం ఒకరిదే

2011లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ‘ఇంటచబుల్స్’ మన ‘ఊపిరి’కి మూలం కాబట్టి కథ కొత్తగా చెప్పక్కర్లేదు. మెడ కింద నుంచి కదలిక లేని కోటీశ్వరుడు ఫిలిప్, జైలుకెళ్లొచ్చి అతని దగ్గర పనికి కుదిరిన డ్రిస్. నేను ఫిజియోథెరపిస్టుని, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లతోనే నా పని. అందుకే అందరూ నవ్వే చోట నేను కాస్త తేడాగా చూశాను.

ఫిలిప్‌కి స్పర్శ లేదని తెలియగానే డ్రిస్ అతని కాలి మీద టీ కెటిల్‌లోంచి వేడివేడిగా పోసి చూస్తాడు. కామెడీ సీనే, కానీ నాకు గుండె ఝల్లుమంది. నొప్పి తెలియనంత మాత్రాన చర్మం కాలకుండా ఉండదు, అలాంటి పుండు ఒక పట్టాన మానదు కూడా. అదే కాళ్లలో రక్తం నిలిచిపోకుండా వేసే బిగుతు మేజోళ్లు తొడగనని డ్రిస్ గొడవ పెట్టుకోవడం మాత్రం అచ్చంగా ఉంది. కొత్తగా వచ్చిన అటెండర్లలో ఆ మొహం చాలాసార్లు చూశాను.

ఫిలిప్ పాత్రకి నూటికి నూరు మార్కులు వేస్తాను. ఇలాంటి కుర్రాళ్లకి జాలి ఉండదు జాగ్రత్త అని బంధువు హెచ్చరిస్తే, నాకు కావాల్సిందే అది అంటాడు. అతనికి పొగరుంది, కోరిక ఉంది, భయమూ ఉంది. ఉత్తరాల్లో పరిచయమైన ఎలియనోర్‌కి పంపే కవర్లోంచి వీల్‌చైర్ ఫొటో తీయించేసి, పాత ఫొటో పెట్టిస్తాడు. వికలాంగుడంటే దేవుడో దీనుడో అన్నట్టు చూపించే సినిమాల మధ్య ఆ చిన్న పిరికితనం నాకెంతో నచ్చింది. ఆ పాత్ర వేసిన ఫ్రాంస్వా క్లుజే వికలాంగుడు కాదు. మొహంతో, గొంతుతో అంత చేయగలగడం గొప్పే. అయినా నిజంగా వీల్‌చైర్లో ఉన్న నటుడికి అలాంటి అవకాశం ఎప్పుడొస్తుందో!

ఇక డ్రిస్. ఈ సినిమాకి ఆధారం నిజంగా జరిగిన కథే; అందులో ఆ కుర్రాడు అబ్దెల్ సెల్లూ, అల్జీరియాలో పుట్టినవాడు. సినిమాలో సెనెగల్ కుర్రాడయ్యాడు, ఎందుకంటే దర్శకులు నకాష్, తోలెదానో అప్పటికే రెండు మూడు సినిమాలు చేసింది ఒమర్ సీతో. ఎంపికను తప్పు పట్టలేం, మనిషి తెర మీదికి రాగానే గది వెలిగిపోతుంది. 2012లో ఉత్తమ నటుడిగా ఫ్రాన్స్ సినిమా పురస్కారం సీజర్ అవార్డు గెలిచిన తొలి నల్లజాతి నటుడతను. అదీ రెండు రోజుల తర్వాత ఆస్కార్ అందుకోబోయే జాఁ దుజార్దాఁని దాటి.

కానీ డ్రిస్ గురించి మనకి తెలిసిందెంత? పారిస్ శివార్లలో ఇరుకు ఫ్లాట్, స్నానం చేస్తుంటే కూడా లోపలికొచ్చేసే పిల్లలు, ఆఫీసుల్లో క్లీనింగ్ పని చేసే పెంపుడు తల్లి. సినిమాలో నాకు బాగా గుర్తుండిపోయినవి ఆ నాలుగు సీన్లే. దర్శకులు అక్కడ నిలబడరు, వెంటనే బంగళాకి పరిగెడతారు. ఫిలిప్ భార్య పోయిన దుఃఖం మనం పక్కన కూర్చుని వింటాం. డ్రిస్ దుఃఖం ఒక్క సంభాషణలో అయిపోతుంది.

పుట్టినరోజు పార్టీలో డ్రిస్ డాన్స్ చేసి దొరల ఇంటిని హుషారెక్కించడం గురించి అమెరికాలో గట్టి విమర్శే వచ్చింది. ‘వెరైటీ’ పత్రిక సమీక్షకుడు జాతివివక్ష అనేశాడు. అంత మాట నేననను. అంతకు ముందే యూరప్ శాస్త్రీయ సంగీతకారుడు వివాల్డి సంగీతం వినిపిస్తే, నిరుద్యోగుల ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు లైన్లో వచ్చే ట్యూన్ కదా ఇది అంటాడు డ్రిస్. ఆ జోకు దొరల మీదే పడుతుంది. కాకపోతే ఇంటికి సందడి తేవడం ఎప్పుడూ అతని డ్యూటీయే. అతన్ని నవ్వించే బాధ్యత ఎవరూ తీసుకోరు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. సెక్రటరీ మగాలీ వెంట డ్రిస్ పడుతూనే ఉంటాడు, అదంతా సరదా కింద పోతుంది. ఆమెకి ఇష్టం ఆడవాళ్లేనన్న విషయాన్ని చివర్లో జోకులా విసిరేశారు.

రెండు గంటల లోపే అయిపోతుంది. డబ్బింగ్‌లో కాకుండా ఫ్రెంచ్‌లోనే, సబ్‌టైటిల్స్‌తో చూడండి; ఒమర్ సీ మాట వేగంలోనే సగం కామెడీ ఉంది. గంజాయి తాగే సీన్లున్నాయి, చిన్న పిల్లలుంటే చూసుకోండి. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఫ్లాట్‌లో ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్ని.