రాణీఖేత్, కౌసానీ, బిన్సర్: పైన్ అడవుల కోసం వెళ్తే ఎక్కడ ఉండాలి?

పైన్ అడవిని తనివితీరా చూడాలంటే ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండల్లో రాణీఖేత్‌తో మొదలుపెట్టాలి. ఢిల్లీలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి కాఠ్‌గోదాం చేరుస్తుంది. అక్కడ షేర్ జీపులు దొరుకుతాయి గానీ, మలుపుల్లో కడుపులో తిప్పుతుందనుకునేవారు టాక్సీ మాట్లాడుకోవడమే మేలు.

రాణీఖేత్ ఎత్తు సుమారు 1,870 మీటర్లు. 500 నుంచి 2,300 మీటర్ల మధ్య, ఎండ బాగా తగిలే వాలుల్లో, సారం లేని నేలలో సైతం చీర్ పైన్ నిటారుగా పెరుగుతుంది. రాలిన ఆకుల గుత్తిని చేతిలోకి తీసుకోండి. జానెడు పొడవున్న సూదులు మూడుంటే చీర్. ఐదుంటే బ్లూ పైన్, అది ఇంకా ఎత్తుకు ఎక్కితేనే కనిపిస్తుంది. నేలంతా పరుచుకున్న ఎండు సూదుల మీద కాలు జారుతుంది, పట్టున్న బూట్లు తప్పనిసరి.

ఊరు నచ్చింది, బస నచ్చలేదు. లోయ కనిపించే గది అని ఎక్కువ డబ్బు తీసుకున్న హోటలువారు పక్క భవనం గోడ చూపించారు. కౌసానీలో 1929లో గాంధీజీ బస చేసిన అనాసక్తి ఆశ్రమం నిరాడంబరంగా, ప్రశాంతంగా ఉంది.

నా ఓటు మాత్రం బిన్సర్ అభయారణ్యానికే. కింద పొడి పొడిగా చీర్ అడవి. పైకి వెళ్లేకొద్దీ నాచు పట్టిన బాంజ్ ఓక్ చెట్లు, ఫెర్న్‌లు, చల్లని తడిగాలి. పశువులకు మేత ఇచ్చేది, ఊటలను కాపాడేది బాంజేనని ఇక్కడి ఆడవాళ్లు గట్టిగా నమ్ముతారు. బ్రిటిష్ పాలకులకు కావలసింది చీర్ జిగురూ కలపా. అడవిపై తమ హక్కులకు అడ్డుపడ్డారన్న కోపంతో 1921లో కుమావూఁ పల్లెవాసులు తగలబెట్టినవి కూడా ముఖ్యంగా ఆ చీర్ అడవులనే. ఆ కథ తెలిశాక ఈ దారి మరోలా కనిపిస్తుంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా వెళ్లకండి. జిగురున్న ఎండు సూదులకు ఇట్టే నిప్పంటుకుంటుంది. దళసరి బెరడున్న పెద్ద చీర్‌లు తట్టుకుంటాయి, కింది మొక్కలు మాడిపోతాయి. 2024 జూన్‌లో బిన్సర్ మంటల్లో అటవీ సిబ్బంది ప్రాణాలు పోయాయి. అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం తేటగా ఉండి నందాదేవి, త్రిశూల్ శిఖరాలు కనిపిస్తాయి.

అడవి లోపలి బసలో కరెంటు సాయంత్రం కాసేపే, టార్చి పెట్టుకోండి. మండువా రొట్టె, అంటే మన రాగి రొట్టె, భట్ (నల్ల సోయా) పప్పుతో తినాలనుంటే మధ్యాహ్నానికే చెప్పి ఉంచాలి.