తిరుపతిలో ట్రస్ట్ కోచింగ్: తమ్ముడినీ చెల్లెలినీ చదివించాక నా రివ్యూ

ఇంటర్ పిల్లలకు సాయంత్రం ఎంట్రన్స్ కోచింగ్ ఇచ్చే ట్రస్ట్ ఇది, మా ఇంట్లో ఇద్దరు ఇక్కడే చదివారు. ముందు తమ్ముడు ఎంపీసీ, వాడి వెనకే చెల్లెలు బైపీసీ. నాయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో చెప్పలేం, అమ్మకు ఫారాలు, ఓటీపీలు అంటేనే భయం, అందుకని వీళ్ళ అప్లికేషన్లు, ఫీజులు, మీటింగులు అన్నీ మెడికల్ షాపులో బిల్లింగ్ పని చేసుకుంటూనే నేను చూశాను. ట్రస్ట్ పేరు రాయడం లేదు. ఉన్న సీట్లకు మించి పిల్లలు వస్తున్నారు, పేరు బయట పెట్టొద్దమ్మా అని వాళ్ళే అడిగారు. కానీ ఇలా తక్కువ ఫీజుకు చదువు చెప్పే చోట్లు ఇంకా ఉన్నాయి కదా, మీ పిల్లల్ని ఎక్కడ చేర్చినా ఏమేం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

క్లాసులు బాగుంటాయి. పరీక్ష అయిపోయాక కాలేజీ సీటు విషయంలో వాళ్ళు చేసే పని ఇంకా బాగుంటుంది, మా లాంటి ఇళ్ళకు అసలు అవసరం అక్కడే.

ముందు మామూలు సంగతులు. పగలు గవర్నమెంట్ జూనియర్ కాలేజీ, సాయంత్రం ఇక్కడ క్లాసులు, ఆదివారం పొద్దున టెస్ట్. నెలకు మూడు వందలు తీసుకుంటారు, అది కూడా కట్టలేని వాళ్ళను అడగరు. పూర్తిగా ఫ్రీ పెట్టొచ్చు కదా అని మొదట్లో అనుకున్నాను గానీ, ఆ మూడు వందలు కడుతున్నాం కాబట్టే క్లాసు జరగకపోతే పోయి అడగడానికి మాకు నోరు వచ్చేది. కార్పొరేట్ కాలేజీలో హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్ష పైమాటే, ఇద్దరికి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. చేర్చుకునే ముందు చిన్న పరీక్ష పెడతారు, తర్వాత ఇంటికి వచ్చి చూసిపోతారు. ఇల్లు చూడ్డానికి వస్తారంటే అమ్మ చాలా ఇబ్బంది పడింది, కానీ వచ్చిన మేడమ్ కింద కూర్చుని టీ తాగి, పిల్లోడు రాత్రి ఎక్కడ కూర్చుని చదువుతాడు అని ఒక్కటే అడిగి వెళ్ళింది.

చెప్పే తీరులో నాకు బాగా నచ్చింది, ప్రతి పరీక్షకూ దాని పద్ధతి వేరుగా నేర్పడం. ఈఏపీసెట్ అంటే ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు మన రాష్ట్రం పెట్టే పరీక్ష, అందులో 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగిటివ్ మార్కులు లేవు. ఎంపీసీ వాళ్ళకు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లే దొరుకుతాయి, చివర్లో తెలిసినా తెలియకపోయినా ఒక్కటి కూడా ఖాళీ వదలకూడదు. ఎంబీబీఎస్ లాంటి సీట్లకు రాసే నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, అక్కడ తెలియనిదాన్ని ముట్టుకోకుండా వదిలేయడం నేర్చుకోవాలి. చెల్లెలు రెండూ రాసింది. ఈ తేడా తలకెక్కాలని ఒక ఆదివారం ఆ పద్ధతిలో, ఇంకో ఆదివారం ఈ పద్ధతిలో టెస్టులు పెట్టేవాళ్ళు. మొదట్లో కలిపేసుకుని మార్కులు పోగొట్టుకునేది, నాలుగైదు నెలలకు అలవాటైంది.

ఇంకొకటి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలకు ముందు ఎంట్రన్స్ టెస్టులన్నీ ఆపేస్తారు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, అది చాలా ఇళ్ళలో తెలియదు. ఎంట్రన్స్ ఒక్కటే చాలని ఇంటర్ వదిలేసిన పిల్లలు ర్యాంకులో వెనకబడ్డాక తెలుసుకుంటున్నారు. మా తమ్ముడు కూడా అదే ధోరణిలో ఉండేవాడు, ఫిజిక్స్ సార్ వాణ్ణి కూర్చోబెట్టి పాత ర్యాంకులు చూపించి లెక్క కట్టి చెప్పాక దారికొచ్చాడు.

చెల్లెలు పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఒక్కసారిగా అంతా ఇంగ్లీష్ అయ్యేసరికి బాటనీ పుస్తకం తెరిచి ఏడ్చేది. ఇక్కడ పాఠం తెలుగులో చెప్పి, నోట్సు ఇంగ్లీష్‌లో రాయించి, రెండు భాషల మాటలూ పక్కపక్కనే రాసుకునే చిన్న పుస్తకం ఒకటి పెట్టించారు. ఈఏపీసెట్ పేపర్ ఎలాగూ తెలుగులో కూడా వస్తుంది. నీట్‌కు అలా కాదు, అప్లికేషన్ నింపేటప్పుడే తెలుగు కావాలని ఎంచుకోవాలి, తర్వాత మార్చుకోవచ్చులే అని వదిలేయకండి. నెట్ సెంటర్‌లో తొందర తొందరగా నింపించుకునే వాళ్ళు ఇది చూసుకోండి.

ఇప్పుడు లోపాలు. కెమిస్ట్రీకి నిలకడగా ఒక మనిషి లేరు. జీతం తక్కువ కాబట్టి ఎక్కడైనా మంచి ఉద్యోగం దొరకగానే వెళ్ళిపోతారు, వాళ్ళను తప్పుపట్టలేం, కానీ ఆర్గానిక్ మధ్యలో సార్ మారిపోతే నష్టపోయేది పిల్లలే. బెంగళూరు నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొందరు ఆన్‌లైన్‌లో డౌట్లు చెప్తారు, వాళ్ళకు ఆఫీసులో పని ఎక్కువైతే ఆ వారం క్లాసు లేనట్టే. ఈఏపీసెట్ కంప్యూటర్ మీద రాయాలి, ఇక్కడ కంప్యూటర్లేమో తక్కువ, అందుకని మాక్ టెస్ట్ వంతుల వారీగా రాయాలి. మా తమ్ముడికి మౌస్ పట్టుకోవడం కొత్త, ఆ టెన్షన్‌తోనే సగం టైమ్ పోయేది. నేను మా షాపు ఓనర్‌ని అడిగి రాత్రి షాపు మూసే ముందు వాడిచేత అక్కడి సిస్టమ్‌లో ప్రాక్టీస్ చేయించాను.

ఆడపిల్లల విషయం గట్టిగా చెప్పాలి. క్లాసు వదిలేసరికి చీకటి పడుతుంది, పాకాల, పుత్తూరు వైపు నుంచి బస్ పాస్ మీద వచ్చే పిల్లలకు తర్వాత బస్సు ఎప్పుడో తెలియదు. చదువులో ముందున్న అమ్మాయిలు ఇద్దరు ఈ ఒక్క కారణంతోనే మధ్యలో మానేశారు. దాతలు కొత్త బోర్డులు, ప్రొజెక్టర్లు ఇస్తున్నారు, సంతోషమే, ఆ డబ్బులో కొంత ఒక వ్యాన్‌కు ఇస్తే ఇంకా ఎక్కువ మంది నిలబడతారని మీటింగులో చెప్పాను, మళ్ళీ చెప్తాను. ఆ మీటింగులు కూడా పనిరోజు పగలు పెడతారు. కూలికి పోయేవాళ్ళకు ఒక రోజు కూలి పోతుంది. ఆదివారం సాయంత్రానికి మార్చాలి.

నీట్ కోచింగ్ కూడా అంతంత మాత్రమే. బయాలజీ బాగా చెప్తారు, ఫిజిక్స్ ఆ స్థాయికి రాదు. ఎంబీబీఎస్ ఒక్కటే కావాలని పట్టుబట్టే పిల్లలకు ఇది చాలదని నా అభిప్రాయం.

ఇక కౌన్సెలింగ్, అంటే ర్యాంకును బట్టి కాలేజీ సీట్లు ఇచ్చే పని. గంగమ్మ జాతర, ఈఏపీసెట్ దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి, ఊరంతా వేషాలతో సందడిగా ఉంటే ఈ పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. పరీక్ష అయిపోయింది కదా, ఇక గట్టెక్కాం అనుకుంటాం. అప్పుడే ఇంటికి మనుషులు రావడం మొదలవుతుంది. ఒక ప్రైవేట్ కాలేజీ పీఆర్వో మా ఇంటికి వచ్చి, హాల్ టికెట్ నంబర్, ఓటీపీ ఇవ్వండి, ఆప్షన్లు మేమే పెడతాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర ఉంచండి, ల్యాప్‌టాప్ కూడా ఇస్తాం అన్నాడు. అమ్మ ఇవ్వడానికి సిద్ధపడింది కూడా. ట్రస్ట్ వాళ్ళు మే నెలలోనే తల్లిదండ్రులను పిలిచి ఈ సంగతి చెప్పి ఉంచారు కాబట్టి ఆగాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ కోటా సీటుకు, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద వచ్చే సీటుకు. ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు ఆ కోటావే. డైరెక్ట్ సీటు ఇప్పిస్తామని మేనేజ్‌మెంట్ కోటాలో కూర్చోబెడితే నాలుగేళ్ళ ఫీజు మొత్తం మన నెత్తిన పడుతుంది.

సర్టిఫికెట్ల పని వాళ్ళు ఫిబ్రవరిలోనే మొదలుపెట్టిస్తారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం అన్నీ ఒక కవరులో పెట్టించి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా సచివాలయానికి పంపిస్తారు. జేఈఈ, నీట్ రాసే బీసీ పిల్లలకైతే కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా కావాలి, అది ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదై ఉండాలి. పాతది చూపించి రిజర్వేషన్ పోగొట్టుకున్న వాళ్ళున్నారు.

వెబ్ ఆప్షన్ల రోజు, అంటే కావాల్సిన కాలేజీలను వరసగా ఆన్‌లైన్‌లో పెట్టే రోజు తమ్ముడు భయపడి, వచ్చే కాలేజీలే ముందు పెడతానన్నాడు. ట్రస్ట్ మేడమ్ పక్కనే కూర్చుని "నీకు ఇష్టమైనది పైన పెట్టు నాయనా, వస్తుందా రాదా అని నువ్వు లెక్కలేసుకోవద్దు. అది రాకపోతే కిందిది చూస్తారు, పైన పెట్టినందుకు నీకు పోయేదేం లేదు" అంది. కలికిరి జేఎన్టీయూ కాలేజీని వాడు కిందెక్కడో రాసుకున్నాడు, తనకు రాదని. పైకి మార్పించింది. అదే వచ్చింది. చెల్లెలికి నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రాలేదు, ఈఏపీసెట్ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరింది. ఆ దారి ఒకటుందని మాకు చెప్పింది కూడా వీళ్ళే.

గవర్నమెంట్ కాలేజీలో చదువుతూ, ఇంట్లో ఫారాలు చూసే మనిషి లేని పిల్లలకు తప్పకుండా చెప్తాను, చేర్చండి. కెమిస్ట్రీకి మాత్రం విడిగా ఏదో ఒకటి చూసుకోండి. చేర్చేటప్పుడు టెన్త్ మార్కుల మెమో, ఆధార్, రేషన్ కార్డు, బస్సులో వచ్చేవాళ్ళయితే చివరి బస్సు టైమ్ కూడా రాసుకుని వెళ్ళండి, ఆ టైమ్‌ను బట్టి ముందు బ్యాచ్‌లో వేయమని అడిగితే వేస్తున్నారు.