విరేచనాలప్పుడు ఏది పట్టాలి: గ్లూకోజా, కొబ్బరినీళ్లా, ఓఆర్‌ఎస్సా?

పోయిన వేసవిలో మా చెల్లెలి రెండేళ్ల కొడుక్కి మధ్యాహ్నంలోపే ఐదుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. పిల్లాడు నీరసపడుతున్నాడని అమ్మ గ్లూకోజ్ పొడి చిక్కగా కలిపి పట్టింది. సాయంత్రానికి ఇంకా ఎక్కువయ్యాయి. అమ్మను ఏమనగలం? చాలా ఇళ్లలో చేసేది అదే. కానీ ఆ పొడిలో ఉన్నది తీపి, ఒంట్లోంచి పోయింది నీళ్లతోపాటు ఉప్పు. పైగా తీపి మోతాదు మించితే పేగుల్లోకి నీళ్లు లాగుతుంది.

ఓఆర్‌ఎస్ అంటే నీళ్లలో కలిపి తాగించే పొడి, అందులో ఉప్పు, గ్లూకోజ్ లెక్క ప్రకారం ఉంటాయి. రెండూ కలిస్తే పేగు గోడ వాటిని జతగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంటే నీళ్లూ వెళ్తాయి. 1971లో బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్లే తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు.

కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంటుంది, సోడియం తక్కువ. తోడుగా ఇవ్వండి, ఓఆర్‌ఎస్‌కి బదులుగా వద్దు. ప్యాకెట్ చేతికొచ్చేదాకా ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ నయం. లేదంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చేతి అంచనా పనికిరాదు.

షాపుల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలతో జాగ్రత్త. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసేయమంది. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకి కొంచెం కొంచెం వేస్తే లెక్క తప్పుతుంది. మా ఇంట్లో రెండో తప్పు ఇదే జరగబోయింది, చెల్లెలు ప్యాకెట్ వెనక చదివి ఆపింది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, చెంచాతో మెల్లగా పట్టండి. తల్లిపాలు మాన్పించొద్దు. విరేచనాలు కట్టడానికి పెద్దవాళ్లు వేసుకునే మాత్రలు పిల్లలకు వేయొద్దు.

కళ్లు గుంటలు పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, రక్తం కనబడినా, పిల్లలు మగతగా ఉన్నా ఇంట్లో ఏదీ కలుపుతూ కూర్చోకండి. దారిలో చెంచాతో పడుతూ ఆస్పత్రికి తీసుకెళ్లండి.