శుక్రవారం రాత్రి ఆట కోసం సియాటిల్ నుంచి న్యూజెర్సీకి

హోటల్ సంగతి ముందు చెప్పేస్తాను, ఆ కోపం ఇంకా చల్లారలేదు. 2024 సెప్టెంబర్ 27న న్యూజెర్సీలో అక్కడి రట్గర్స్ యూనివర్సిటీతో, సియాటిల్‌లోని మా వాషింగ్టన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. మా అబ్బాయి ఇక్కడ చేరినప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ ఈ ఆట పిచ్చి పట్టింది. గురువారం రాత్రి సియాటిల్‌లో విమానం ఎక్కితే తెల్లవారి ఆరున్నరకి న్యూవార్క్‌లో దిగుతాం. దిగగానే నడుం వాల్చాలి కదా అని, స్టేడియానికి దగ్గర్లో రోడ్డు పక్క హోటల్లో రోజుకి 139 డాలర్ల చొప్పున గురువారం, శుక్రవారం రెండు రాత్రులకీ బుక్ చేశాను. ముందు రోజు ఫోన్ చేసి, తెల్లారాక వస్తాం, గది అట్టే పెట్టండి అని చెప్పాను కూడా. అవతలి మనిషి సరేనన్నాడు.

ఎనిమిదింటికి వెళ్తే, "మీరు రాత్రి రాలేదు, బుకింగ్ మొత్తం రద్దయింది" అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. గురువారం 139 పోయినట్టే. శుక్రవారానికి కొత్తగా తీసుకోవాలంటే 289 అట. కంప్యూటర్ పక్కన టేపుతో అంటించిన కాగితం మీద ఆ అంకె నల్ల స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. దాని కింద పాత రేటు కొట్టేసిన గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. ఫోన్లో మాట్లాడిన మనిషి ఎవరని అడిగితే తెలియదన్నాడు. మేనేజర్ పదకొండింటికి గానీ రారన్నాడు. మావారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి కోపం వస్తే అంతే. అబ్బాయి ఊదారంగు జెర్సీ మొహం మీద కప్పుకుని లాబీలో సోఫా మీద పడుకున్నాడు. చుట్టుపక్కల ఎక్కడా గదులు లేవు. పన్నులతో 325 కట్టాం. గదిలో కార్పెట్ తడిగా ఉంది, కిటికీ ఏసీ రాత్రంతా టకటకమని కొట్టుకుంది. తర్వాత క్రెడిట్ కార్డు వాళ్ళకి ఫిర్యాదు చేస్తే 139 మాత్రం వెనక్కొచ్చింది.

అసలు ఒక్క ఆట కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరికి ఎందుకు పోవాల్సొచ్చింది? మా జట్టు మొన్నటిదాకా పశ్చిమ తీరం యూనివర్సిటీల ప్యాక్-12 కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము ఆడుకునే జట్ల కూటమిలో ఉండేది. 1915లో మొదలైన పొత్తు అది. 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ మధ్య పశ్చిమ, తూర్పు జట్ల కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌కి వెళ్తున్నామని ప్రకటించాయి. 2023 ఆగస్టు 4న మావాళ్ళూ, ఆరెగాన్ యూనివర్సిటీ వాళ్ళూ అదే దారి పట్టారు. తలా ఒక దిక్కు వెళ్ళిపోగా చివరికి మిగిలినవి ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అనే వేరే యూనివర్సిటీలు రెండే. అంతా టీవీ డబ్బు కోసమే. అది కూడా మావాళ్ళకి దక్కింది మొదట్లో ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్లు, పాత సభ్యుల వాటాలో దాదాపు సగం. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 జట్లున్నాయి. శుక్రవారం రాత్రి 8 గంటలకి ఆట పెట్టిందీ టీవీ కోసమే. సెలవు పెట్టుకుని, సుమారు 2,400 మైళ్ళు ఎగిరి వచ్చేవాళ్ళ గురించి ఎవరికి పట్టింది?

2023 నవంబర్‌లో కోర్వాలిస్ వెళ్ళాం, ఆరెగాన్ స్టేట్ మీద వాళ్ళ ఊళ్ళో ఆటకి. కారులో నాలుగైదు గంటల దారి. వానలో తడుస్తూ 22-20తో గెలవడం చూశాం. గ్యాస్, టికెట్లు, గది, తిండి అన్నీ కలిపినా 450 డాలర్లు దాటలేదు. అలాంటి పక్కింటి పోటీలను వదులుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

న్యూజెర్సీలో మా ప్రాణం లేచొచ్చింది ఎడిసన్‌లోనే. తమ్ముడు అక్కడే ఉంటాడు. సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, పైగా వాళ్ళ అత్తగారూ మామగారూ వచ్చి ఉన్నారు, అందుకే హోటల్. మధ్యాహ్నం వచ్చి మా మొహాలు చూసి, "అక్కా, హోటల్ గొడవ తర్వాత, ముందు తిందాం పద" అని ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్ళాడు. అక్కడి చిన్న టిఫిన్ షాపులో తిన్న పెసరట్టు గురించి చెప్పకుండా ఉండలేను. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పైన సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర. లోపల ఉప్మా జారుగా, వేడిగా. అల్లం పచ్చడిలో బెల్లం సరిగ్గా ఎంత పడాలో అంతే పడింది. 12.99కి సియాటిల్ చుట్టుపక్కల ఇలాంటిది నాకు దొరకలేదు. మావారు రెండోది చెప్పించుకున్నాక మాట్లాడటం మొదలుపెట్టారు.

స్టేడియం పిస్కాటవేలో. టికెట్ ఒక్కొక్కటి 52. సంచీ తెస్తే పారదర్శకమైనదే ఉండాలి, హ్యాండ్‌బ్యాగులు కారులోనే వదిలేయండి. బయట పార్కింగ్‌లో ఎర్ర టోపీ పెట్టుకున్న రట్గర్స్ అభిమాని పెద్దాయన ఒకరు మమ్మల్ని పిలిచి మొక్కజొన్న కండెలు కాల్చి పెట్టారు. 1869 నవంబర్ 6న మొట్టమొదటి కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఆడింది తమ యూనివర్సిటీ ఊరు న్యూ బ్రన్స్‌విక్‌లోనే, ప్రిన్స్‌టన్‌ని 6-4తో ఓడించాం అని గర్వంగా చెప్పారు. వాళ్ళ జట్టు 2014లో బిగ్ టెన్‌లో చేరింది. ఆయనకీ పాత ప్రత్యర్థుల మీద బెంగ ఉంది. ఆయన్ని కలవడం నాకు ఎంతో నచ్చింది.

ఆట 21-18తో ఓడిపోయాం. ఫీల్డ్ గోల్స్ (బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చే ప్రయత్నాలు) తప్పిపోతుంటే అబ్బాయి తల పట్టుకున్నాడు. ఆ సీజన్‌లో ప్రత్యర్థుల స్టేడియాల్లో ఆడిన 5 ఆటలూ ఓడారు, సొంత స్టేడియంలో ఆడిన 6 ఆటలూ గెలిచారు. ప్రయాణాల బడలిక లేదంటే నేనొప్పుకోను. ఫుట్‌బాల్ వాళ్ళకైనా చార్టర్ విమానాలుంటాయి, వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లల చదువుల సంగతేమిటి?

శనివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో దర్శనం, క్యాంటీన్‌లో దోసె, సాయంత్రం విమానం.

ముగ్గురికి విమానం 1,158, హోటల్ 325, టికెట్లు 156, ఎయిర్‌పోర్ట్ క్యాబ్ 71, తిండి 110. మొత్తం 1,820 డాలర్లు. వెళ్ళేవాళ్ళు స్టేడియం దగ్గర హోటల్ వద్దు, ఎడిసన్ వైపు చూసుకోండి. ఆలస్యంగా దిగుతుంటే ఆ మాట ఈమెయిల్లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్మకండి. మేం మాత్రం ఆ సీజన్‌లో ఇక వెళ్ళింది ఆరెగాన్ యూనివర్సిటీ ఊరు యూజీన్‌కే, వాళ్ళ మీద నవంబర్ 30 ఆటకి. అది కారులో వెళ్ళొచ్చే దూరం.