విశాఖ ఎండల్లో మూడేళ్ళు: ఆర్‌టీఎక్స్ 3070 మెమరీ క్లాక్‌తో నా అనుభవం

2022 చివర్లో ఈ గ్రాఫిక్స్ కార్డును (కంప్యూటర్‌లో తెర మీది బొమ్మను తయారుచేసే భాగాన్ని) గాజువాకలో ఒక కుర్రాడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆ సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని ఇలాంటి కార్డులతో లెక్కలు చేయించి సంపాదించే పనికి, అంటే మైనింగ్‌కు, మంగళం పాడేసరికి మైనింగ్ కార్డులు కుప్పలుగా అమ్మకానికొచ్చిన రోజులవి. "ఏటి గురూ భయం, కోర్ తగ్గించేసి మెమరీ ఒక్కటే పెంచేను" అన్నాడు. ధైర్యం చెప్పడానికే అన్నాడు గానీ, నా భయమంతా ఆ మెమరీ గురించే. ఇథీరియం లెక్కలకు కావాల్సింది మెమరీ వేగం. అంటే రాత్రీ పగలూ అరిగింది అదే. మూడేళ్ళు దాటాయి, కార్డు ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. లెక్కలు చేసే కోర్ గురించి అందరూ రాశారు కాబట్టి నేను మెమరీ క్లాక్, అంటే మెమరీ ఎంత వేగంగా నడవాలో చెప్పే తాళం గురించే రాస్తాను.

మొదటి వారం నన్ను తికమక పెట్టింది అంకెలే. ప్రకటనలో మెమరీ వేగం సెకనుకు 14 గిగాబిట్లు. కార్డు వేగాలు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే సుమారు 7000 మెగాహెర్ట్జ్. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ తెరిస్తే 1750. కుర్రాడు ఏదో మార్చి అంటగట్టాడేమో అనుకున్నాను. పాపం, అతని తప్పేం లేదు. మూడూ నిజమే.

మా పై వాటాలో ఒక పాప సాయంత్రాలు సరళీ వరుసలు సాధన చేస్తుంది. తాళం మారదు. మొదటి కాలంలో దెబ్బకో స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఈ కార్డులో ఉన్న జీడీడీఆర్6 రకం మెమరీ ఇంకో మెట్టెక్కి, దెబ్బకు ఎనిమిది పలుకుతుంది. 1750 అన్నది తాళం. ఏ వరుస తెరవాలి, ఎక్కడ చదవాలి అన్న ఆదేశాలు దాని మీద వెళ్తాయి. డేటాకు డబ్ల్యూసీకే అని వేరే క్లాక్ ఉంది, అది ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. 1750ని ఎనిమిదితో హెచ్చవేస్తే 14 గిగాబిట్లు. ఆఫ్టర్‌బర్నర్ చూపే 7000 అందులో సగం. 256 తీగల మీద అదే వేగమైతే సెకనుకు 448 గిగాబైట్లు. 2008లో రేడియాన్ హెచ్‌డీ 4870 అనే కార్డుతో దీని ముందు తరం జీడీడీఆర్5 వచ్చినప్పటి నుంచీ ఈ రెండు క్లాక్‌ల పద్ధతే. ఆదేశాలకు అంత పరుగు అక్కర్లేదు. అన్నిటినీ ఒకే వేగంతో ఉరికిస్తే కరెంటు దండగ, వేడి అదనం.

14 గిగాబిట్ల దగ్గర ఒక్కో బిట్‌కు దొరికే సమయం సుమారు 71 పికోసెకన్లు. ఆ వ్యవధిలో వెలుతురు కూడా రెండు సెంటీమీటర్ల పైచిలుకే పోగలదు. అందుకే కార్డు లేచినప్పుడల్లా ఈ క్లాక్‌లను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటుంది. దీన్నే ట్రెయినింగ్ అంటారు.

ఇక నేను చేసిన వెధవ పని. జనవరిలో ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీకి 1000 మెగాహెర్ట్జ్ కలిపాను. 4కే రిజల్యూషన్‌లో ఆడే ఆటలో సెకనుకు 61 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) 65 అయ్యాయి. ఆశ పుట్టి 1300 కలిపాను. క్రాష్ కాలేదు, తెర మీద చుక్కలు రాలేదు. అంతా భేష్ అనుకుని నెల రోజులు అలాగే వాడాను. తర్వాత ఎందుకో కొలిచి చూస్తే ఫ్రేములు 62. ఎక్కువ క్లాక్, తక్కువ ఫలితం!

సంగతేమిటంటే, ఈ మెమరీలో తప్పులు పట్టుకునే ఏర్పాటు ఉంది. పంపిన డేటాకు సీఆర్‌సీ అనే సరిచూపు లెక్క కట్టి సరిచూస్తారు. తేడా వస్తే ఆ ముక్క మళ్ళీ పంపాలి. అపస్వరం పడితే పాప మళ్ళీ ఎత్తుకుంటుంది చూడండి, అలాగ. తప్పు మనకు కనబడదు, దాన్ని దిద్దడానికి పట్టిన సమయం మాత్రం ఫ్రేముల్లోంచి పోతుంది. కాబట్టి క్రాష్ కాకపోవడం ఏ పరీక్షా కాదు. వంద వంద చొప్పున పెంచుతూ ప్రతిసారీ స్కోరు రాసుకోవాలి. పెరగడం ఆగిన చోటు నుంచి ఓ రెండు వందలు వెనక్కి రావాలి.

అదీ శాశ్వతం కాదు. ఎంవీపీ కాలనీలో నా గదికి ఏసీ లేదు. జనవరిలో పట్టాలెక్కిన 1000, మే నెలలో మామూలు క్లాక్ ఇచ్చిన ఫ్రేములే ఇచ్చింది. కార్డు పోతోందని టెన్షన్ పడ్డాను. 600కు దించగానే మళ్ళీ నిలదొక్కుకుంది. వేడి పెరిగితే సిగ్నల్ వచ్చే వేళ జరుగుతుంది, 71 పికోసెకన్లలో జరగడానికి చోటెక్కడిది?

ఉద్యోగానికి ఇదంతా ఏం ఒరగబెట్టిందంటే, దాదాపు ఏమీ లేదు. నేను ఇంటీరియర్ బొమ్మలు బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రామ్‌లో రెండర్ చేస్తాను. అక్కడ భారమంతా కోర్ మీదే. మెమరీ పెంచితే నిమిషం కూడా కలిసిరాలేదు. 4కేలో ఆటలాడేవాళ్ళకు తప్ప దీనికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ పక్కన పాత 60 హెర్ట్జ్‌ది పెట్టగానే, ఖాళీగా ఉన్నప్పుడు 405కు దిగాల్సిన మెమరీ క్లాక్ 7000 దగ్గరే కూర్చుంది. క్లాక్ మార్చాలంటే మెమరీ ఓ క్షణం ఆగాలి. తెరకు బొమ్మ వెళ్ళేది ఆ మెమరీ నుంచే కాబట్టి, రెండు ఫ్రేముల నడుమ విరామంలోనే మార్చాలి. రెండు తెరల విరామాలూ కలవకపోతే మార్చడానికి సందే దొరకదు. పెద్దదాన్ని 120 హెర్ట్జ్‌కు దించాను, సమస్య పోయింది. ఏ కార్డు వాడేవాళ్ళయినా ఓసారి చూసుకోండి, వేసవిలో గది కాస్త చల్లగా ఉంటుంది.

సముద్రపు గాలికి కార్డును కేసుకు బిగించిన స్క్రూలు తుప్పు పట్టాయి, మార్చాను. ప్రస్తుతం కేసు తలుపు లోపల ఒక చీటీ అంటించి ఉంది: మార్చి నుంచి జూన్ దాకా 400, మిగతా నెలల్లో 800.