590 రూపాయల వెనుక ఏనుగు బొమ్మ

విజయవాడ గవర్నర్‌పేటలోని మా ఇంటి ముందుగది నుంచి నాలుగేళ్లుగా కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. మొదటి నుంచీ ఒకే పెద్ద సైటు. ఆర్డర్లకు లోటు లేదు. దసరా బొమ్మల కొలువుల ముందు రోజుకు ఇరవై పెట్టెలు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. లెక్కలు అర్థం కావడానికి మాత్రం నాకు మూడేళ్లు పట్టింది.

కిందటి వేసవిలో ఒక సోమవారం నా ఖాతాలో 590 రూపాయలు తగ్గాయి. గురువారం మరో 1,416. రెండింటి పక్కనా ఏసీహెచ్ (ఖాతా నుంచి డబ్బు నేరుగా కోసుకునే పద్ధతి అని తర్వాత తెలిసింది) అనే మూడక్షరాలు తప్ప నాకు అర్థమయ్యే ముక్క ఒక్కటీ లేదు. బ్యాంకుకు వెళ్తే కౌంటర్‌లోని ఆయన స్టేట్‌మెంటు చూసి, "590 మేము వేసిందేనమ్మా. 1,416 మాత్రం మీరు ఆమోదం ఇచ్చినవాళ్లు తీసుకున్నారు" అన్నారు. క్యాలిక్యులేటర్ తీసి రెండు అంకెలనూ 1.18తో భాగించారు. ఒకటి 500, ఇంకొకటి 1,200. మిగిలింది 18 శాతం జీఎస్టీ. ఇప్పుడు ఏ వింత అంకె కనిపించినా ముందు 1.18తో భాగించి చూస్తాను.

ఆ 1,200 సైటులో నేను పెట్టుకున్న ప్రకటనల బిల్లు. ఖాతా నుంచి నేరుగా తీసుకోమని ఎప్పుడో ఆమోదం ఇచ్చి మరిచిపోయాను. వాళ్లు మొదటిసారి అడిగినప్పుడు ఖాతాలో అంత డబ్బు లేదు. అందుకు బ్యాంకు వేసిన జరిమానాయే 500. డబ్బు ఎందుకు లేదంటే, ఆ వారం సైటు నుంచి నాకు రావలసింది సున్నా. మూడు అంబారీ ఏనుగులు వెనక్కి వచ్చాయి, వాటి రవాణా కోతలకే అంతా సరిపోయింది.

అసలు దెబ్బ అక్కడ తగిలింది. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, మా ఏనుగు ముప్పావు కిలో కూడా తూగదు. తొండం విరుగుతుందన్న భయంతో 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తున్న పెట్టెలో పెట్టేదాన్ని. రవాణా రుసుము అసలు తూకానికి కాదు, పెట్టె సైజును బట్టి వేస్తున్నారు: ఈ మూడూ గుణించి 5,000తో భాగిస్తే 3. అంటే మూడు కిలోల రవాణా రుసుము, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అంతే. ఇన్నాళ్లూ గాలికి కిరాయి కట్టాను. ఇప్పుడు 26, 20, 15 కొలతల పెట్టె వాడుతున్నాను; రెండు కిలోల్లో పడుతోంది.

సైటు ఏదీ దాచిందని అనను. సెటిల్‌మెంటు పట్టికలో కమిషను నుంచి తిరుగు రవాణా వరకు అన్నీ ఉంటాయి. కానీ ఆ గళ్లు చదవడం ఓ పరీక్ష, సహాయ విభాగానిది ఎప్పుడూ అచ్చు పోసిన జవాబే. తూకం తప్పు వేశారని టేపు పెట్టి తీసిన ఫోటోలతో ఐదుసార్లు ఫిర్యాదు చేస్తే రెండుసార్లే ఒప్పుకున్నారు.

అమ్మకాల సొమ్ములో సైటు ముందే పట్టుకునే పన్నులు టీసీఎస్ (జీఎస్టీ కింద), టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద). ఈ కోతలను మొదట్లో ఖర్చుగా రాసుకుని మా ఆడిటర్‌తో చీవాట్లు తిన్నాను. 2024 జూలై నుంచి టీసీఎస్ 0.5 శాతం, అక్టోబర్ నుంచి టీడీఎస్ 0.1 శాతం, అంతకుముందు రెండూ ఒక్కో శాతం. టీసీఎస్ జీఎస్టీ పోర్టల్‌లో మన నగదు ఖాతాకు చేరుతుంది, టీడీఎస్ మన పేరిట ఆదాయపు పన్ను శాఖ ఉంచే లెక్కలో కనిపిస్తుంది.

ప్రకటనలకు రోజువారీ హద్దు పెట్టాను, ఖాతాలో 5,000 కదపకుండా ఉంచుతున్నాను. ఆ 590లోని 90 మాత్రం పోయినట్టే. నా జీఎస్టీ నంబరు అప్పటికి బ్యాంకులో ఇచ్చి ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే నేను కట్టే జీఎస్టీలో తగ్గింపుగా, వచ్చి ఉండేది.